షూటింగ్‌కి ముందే ఒకసారి తీసేయండి

కాలేజీలో ఎవరైనా పాట తీద్దామనుకోగానే మొదట జరిగేది వాట్సాప్ గ్రూప్ పెట్టడం. రెండోది ఆ గ్రూప్ పేరు గురించి గొడవ. మూడోది కెమెరా ఎక్కడ అద్దెకు దొరుకుతుందో కనుక్కోవడం. పాటలో ఏం జరుగుతుంది, ఎవరు ఏం నేర్చుకోవాలి, ఎప్పుడు నేర్చుకుంటారు అన్న మాట నాలుగోదిగా వచ్చినా ఆ జట్టువాళ్లు అదృష్టవంతులే. చాలా జట్లలో ఆ మాట షూటింగ్ రోజు పొద్దున టిఫిన్ల దగ్గర వస్తుంది.

దాని ఫలితం యూట్యూబ్‌లో కావలసినంత కనిపిస్తుంది. కెమెరా మంచిదే. గింబల్ మీద నున్నగా కదులుతుంది. వెనక చెరువు, సాయంత్రపు నీరెండ. ముందు నిలబడ్డ అబ్బాయి మాత్రం చరణం మధ్యలో పెదవులు కలపలేక దిక్కులు చూస్తాడు. ఎడిటర్ ఏం చేస్తాడు పాపం, ఆ చోట చెరువు మీద ఎగురుతున్న కొంగను పెడతాడు. ఒక పాటలో కొంగలు మరీ ఎక్కువగా ఎగురుతున్నాయంటే అక్కడ రిహార్సల్ తక్కువైందని అర్థం.

మ్యూజిక్ వీడియోకి సాధన అనగానే అందరూ డ్యాన్సర్ల వైపు చూస్తారు. స్టెప్పులు వచ్చేస్తే పాట వచ్చేసినట్టే అనుకుంటారు. నేనలా అనుకోను. కెమెరా పట్టేవాడూ సాధన చేయాలి, పాట ప్లే చేసేవాడూ చేయాలి, ఎడిటర్ అందరికంటే ముందు చేయాలి. వీళ్లందరి సాధన ఒక్కచోట జరగాలంటే ఒకటే దారి ఉంది. అసలు షూటింగ్‌కి ముందే మొత్తం పాటని ఒకసారి ఫోన్‌తో, హాస్టల్ వరండాలోనో మేడ మీదో తీసేసి, ముక్కలు కోసి, అతికించి చూసుకోవాలి. అది ఎవరికీ చూపించాల్సిన పని లేదు. అసహ్యంగా ఉన్నా ఫర్వాలేదు. కానీ అది లేకుండా కెమెరా అద్దెకు తేవద్దు.

అక్కడి దాకా రావడానికి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

పాట ఎవరిది, ఎంత పొడుగు

మొదటిసారి తీసేవాళ్లు నాలుగున్నర నిమిషాల పాట ఎంచుకుంటారు. ఎందుకంటే ఆ పాటంటే ఇష్టం. ఇష్టం మంచిదే, కానీ లెక్క కూడా చూడండి. ఒక్కో షాట్ తెర మీద సగటున మూడు సెకన్లు ఉంటుందనుకుంటే మూడు నిమిషాల పాటకు 60 షాట్లు కావాలి. నాలుగున్నర నిమిషాలకు 90. కొత్తవాళ్లు కెమెరాని ఒకచోటు నుంచి మరోచోటికి మార్చి, మనుషుల్ని సర్ది, రెండు టేకులు తీసేసరికి పావుగంట ఇట్టే అయిపోతుంది. పొద్దున, సాయంత్రం కలిపి మంచి వెలుతురు ఆరు గంటలు దొరికినా రోజుకు 24 చోట్లకు మించి కెమెరా పెట్టలేరు. మధ్యలో భోజనాలు, బట్టలు మార్చుకోవడాలు, ఒకడు బైక్ మీద వెళ్లి ఇంకా రాకపోవడం ఉండనే ఉన్నాయి. కాబట్టి రెండున్నర నిమిషాలు చాలు. పాట పెద్దదైతే పల్లవి, ఒక చరణం, చివర పల్లవి ఉంచి మిగతాది కోసేయండి. ప్రాజెక్టుకి మార్కులు వేసే మాస్టారు రెండో చరణం ఏదని అడగరు.

ఇక హక్కుల సంగతి. సినిమా పాటకు డ్యాన్స్ చేసి పెడితే యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ ఆ ఆడియోని గుర్తుపడుతుంది. ఆడియో కంపెనీ ఇష్టాన్ని బట్టి మీ వీడియో మీద వచ్చే ఆదాయం వాళ్లకు పోవచ్చు, లేదా వీడియోనే కనిపించకుండా పోవచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ విద్యాసంస్థలకు కొంత వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. కాలేజీ కార్యక్రమంలో భాగంగా, విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు మాత్రమే ఉన్న ప్రేక్షకుల ముందు ప్రదర్శన ఇవ్వడానికి అది పనికొస్తుంది. లోకమంతా చూసే చానల్‌లో అప్‌లోడ్ చేయడానికి పనికిరాదు. "మా హెచ్‌ఓడీ గారు ఒప్పుకున్నారు" అన్నది లైసెన్స్ కాదు.

అందుకే నా సలహా, క్లాసులో పాడేవాళ్లు, కీబోర్డ్ వాయించేవాళ్లు ఉంటే పాట మీరే చేసుకోండి. సాహిత్యం రాయడం రాకపోతే పాత కవుల దగ్గరకు వెళ్లండి. మన దేశంలో రచన మీద హక్కు రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. 1915లో కన్నుమూసిన గురజాడ ఎప్పుడో అందరివాడైపోయాడు. ఎంకి పాటల నండూరి సుబ్బారావు గారు పోయింది 1957లో. అంటే 2018 నుంచి ఎంకి, నాయుడుబావల మాటలకు ఎవరైనా బాణీ కట్టుకోవచ్చు. అయితే మాటలు మాత్రమే. ఎవరో పాడిన రికార్డింగ్ వాళ్లదే, ఎవరో కట్టిన బాణీ వాళ్లదే. కృష్ణశాస్త్రి గారి కోసం 2040 చివరి దాకా, శ్రీశ్రీ కోసం 2043 చివరి దాకా ఆగాలి.

జానపదం తీసుకునేవాళ్లకు ఇంకో మాట. పల్లెలో పెద్దావిడ పాడిన పాటను ఫోన్లో రికార్డు చేసి తెచ్చుకుంటే, ఆమెను అడగండి, ఆమె పేరు టైటిల్స్‌లో వేయండి. వీడియో పూర్తయ్యాక తీసుకెళ్లి ఆమెకు చూపించండి కూడా. చట్టం సంగతి తర్వాత, మర్యాద సంగతి ముందు.

పుల్లల బొమ్మలతో మొదటి సినిమా

పాట తేలాక ఒక లాంగ్‌బుక్ తీసుకోండి. పేజీని అడ్డంగా తిప్పి గళ్లు గీయండి. ఎన్నో సెకను, పాటలో ఏ మాట, తెర మీద ఎవరు, ఎక్కడున్నారు, దగ్గరగానా దూరంగానా, వాళ్లు ఏం చేస్తున్నారు. అంతే. ఈ పని చేసేటప్పుడు అందరూ ఒకచోట కూర్చోవాలి. ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే జరగాలి. "ఈ లైన్‌కి వాడు బైక్ మీద రావాలిరా", "బైక్ ఎందుకు మామా, పాటలో ఊరే లేదు" లాంటి వాదనలు కాగితం ముందు జరిగితే చాయ్ ఖర్చుతో పోతాయి. షూటింగ్‌లో జరిగితే వెలుతురు పోతుంది.

పాట వేగం కూడా కనుక్కోండి. నిమిషానికి ఎన్ని బీట్లో చెప్పే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి, వాచీ చూసుకుంటూ చేత్తో కొట్టి లెక్కపెట్టినా వస్తుంది. నిమిషానికి 120 బీట్లుంటే డ్యాన్సర్లు లెక్కపెట్టే ఒక ఎనిమిది నాలుగు సెకన్లు. 96 బీట్లయితే ఐదు సెకన్లు, మూడు నిమిషాల పాటలో అలాంటి ఎనిమిదులు 36. ఈ అంకె తెలిస్తే డ్యాన్సర్ భాష, ఎడిటర్ భాష ఒకటైపోతాయి. "ఆ చేయి తిప్పే చోట కట్ చెయ్" అనే బదులు "మూడో ఎనిమిదిలో ఐదో కౌంట్ మీద కట్" అనొచ్చు.

ఇప్పుడు అసలు పని. గళ్లలో రాసుకున్న ఒక్కో షాట్‌కి ఒక బొమ్మ గీయండి. బొమ్మలు రావా? పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, గుండ్రటి తల చాలు. ఒక్కో బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి, కైన్‌మాస్టర్‌లోనో వీఎన్‌లోనో, లాప్‌టాప్ ఉంటే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనో పాట మీద వరసగా పేర్చండి. ఏ బొమ్మ ఎన్ని సెకన్లు ఉండాలో అంతే ఉంచండి. ఒక సాయంత్రం పని. అది పూర్తయ్యాక ప్లే చేసి చూస్తే పుల్లల మనుషులు పాట పాడుతూ కనిపిస్తారు, అందరూ పగలబడి నవ్వుతారు. నవ్వు అయ్యాక రెండోసారి చూడండి. అప్పుడు అసలు సంగతులు బయటపడతాయి. పల్లవి మూడుసార్లు వస్తే మూడుసార్లూ ఒకే రకం షాట్లు పెట్టారని, ఇంటర్‌లూడ్‌లో 18 సెకన్లకు ఏమీ అనుకోలేదని, హీరోయిన్ అనుకున్న అమ్మాయి మొత్తం పాటలో నాలుగే షాట్లలో ఉందని.

ఈ నాలుగు షాట్ల సంగతి ఆ అమ్మాయికి షూటింగ్ రోజు కాకుండా ఇప్పుడే తెలియడం ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు.

ఎడిటర్ అందరికంటే ముందు సాధన చేయాలన్నది ఇందుకే. మన జట్లలో ఎడిటర్‌ని చివర పిలుస్తాం. హార్డ్ డిస్క్ చేతిలో పెట్టి "రేపటికి ఇచ్చేయ్ బ్రో" అంటాం. అతను మొదటిరోజు నుంచీ ఉంటే ఏ షాట్ నుంచి ఏ షాట్‌కి వెళ్లలేమో ముందే చెప్పగలడు.

స్టెప్పు కంటే ముందు నేల చూడండి

2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు'ని కీవ్‌లోని మారియిన్‌స్కీ ప్యాలెస్ ముందు 2021 ఆగస్టులో తీశారు. నృత్యం కూర్చిన ప్రేమ్ రక్షిత్ అందులోని ఒక్క హుక్ స్టెప్ కోసమే పదుల కొద్దీ రకాలు తయారుచేసి చూపించారు. ఇద్దరు హీరోల కాళ్లూ ఒకే క్షణంలో కదలాలని రాజమౌళి పట్టుబట్టి ఆ స్టెప్‌ని 18 టేకులు తీశారని, చివరికి సినిమాలో పెట్టుకున్నది రెండో టేకేనని ఎన్టీఆర్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఈ కథ చెప్పుకుని అందరూ రాజమౌళి పట్టుదల గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ రెండో టేకు మీదే గురి. బాగా వచ్చినది రెండోసారికే వచ్చేసింది. ఎందుకొచ్చిందంటే నేర్చుకోవడం కెమెరా ముందుకు రాకముందే అయిపోయింది. విద్యార్థులు దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. తీసుకుంటూ పోతే ఎప్పటికో వస్తుందనుకుంటారు. రాదు. పదో టేకుకి కాళ్లు బరువెక్కుతాయి, ముఖంలో నవ్వు అతికించినట్టుంటుంది, ఎండ జరిగిపోతుంది.

సాధన ఎలా చేయాలి? పాటను ముక్కలుగా చేసుకోండి, ఒక్కోటి రెండు ఎనిమిదుల కంటే ఎక్కువ ఉండకూడదు. ప్లేయర్లో వేగం 75 శాతానికి తగ్గించి మొదలుపెట్టండి. అందరివీ కలిశాక 90, ఆ తర్వాత అసలు వేగం. నాలుగు రోజుల పాటు రోజూ నలభై నిమిషాలు చేసేది ఒకే రోజు మూడు గంటలు చేసిన దానికంటే ఎక్కువ నిలుస్తుంది. రాత్రి నిద్రపోయాక ఒంటికి పట్టేది కొంత ఉంటుంది.

అద్దం ముందు చేయడం మొదట్లో మంచిది, తర్వాత చెడ్డది. అద్దానికి అలవాటుపడ్డవాళ్లు కెమెరా ముందు నిలబడగానే తమ ప్రతిబింబాన్ని వెతుక్కుంటూ పక్కవాడి కాళ్లు చూస్తారు. మూడో రోజు నుంచి అద్దానికి వీపు పెట్టి, కెమెరా ఉండబోయే చోట ఫోన్ పెట్టి రికార్డు చేసి చూసుకోండి. అద్దంలో మీకు మీరే కనిపిస్తారు, వీడియోలో వరస మొత్తం కనిపిస్తుంది.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. సాధన చేసేది కాలేజీ ఆడిటోరియంలో నున్నటి నేల మీద, ఒట్టి కాళ్లతో, ట్రాక్ ప్యాంట్‌లో. షూటింగ్ మాత్రం పొలం గట్టు మీద, లంగా ఓణీలోనో పంచెకట్టులోనో. గట్టు మీద వరసగా నలుగురు పట్టరు. పంచెతో మోకాలు అంత ఎత్తుకు లేవదు. గులకరాళ్ల మీద తిరిగే స్టెప్పు వేస్తే చీలమండ మడత పడుతుంది. కాబట్టి ఒక్క రిహార్సల్ అయినా అదే బట్టల్లో, అదే చెప్పులతో, వీలైతే అదే చోట చేయండి. వీలుకాకపోతే అక్కడి స్థలం కొలిచి తెచ్చి మైదానంలో ముగ్గుతో గీసుకుని దాని లోపలే ఆడండి.

పెదవులు కలిపే వాళ్ల సాధన వేరు. పాట వింటూ నోరు ఆడిస్తే చాలదు, గొంతెత్తి పాడాలి. గట్టిగా పాడినప్పుడే మెడ నరాలు, దవడ, ఊపిరి తీసుకునే చోటు నిజంగా ఉంటాయి. కూనిరాగం తీసేవాడి ముఖానికీ పాడేవాడి ముఖానికీ తేడా కెమెరా వెంటనే పట్టేస్తుంది. 1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' రోజుల్లో నటులకు ఈ బాధే లేదు, షూటింగ్‌లోనే నిజంగా పాడేవారు. హార్మోనియం, తబలా వాయించేవాళ్లు కెమెరాకు కనిపించకుండా దాక్కుని వాయించేవారు. ఎవరు తప్పినా అందరూ మొదటి నుంచి చేయాల్సిందే. ఆ భయమే వాళ్లకు రిహార్సల్ నేర్పింది.

స్లో మోషన్‌లో పెదవులు కలవాలనుకుంటే సరదా అయిన చిక్కు ఒకటుంది. ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములు తీసి, 30 ఫ్రేముల వీడియోలో నెమ్మదిగా చూపిస్తే కదలిక సగం వేగానికి పడుతుంది. అప్పుడు పెదవులు పాటతో కలవాలంటే తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో ప్లే చేయాలి, పాడేవాడు ఆ రెట్టింపు వేగంతోనే పాడాలి. గాలికి ఎగిరే జుట్టు నెమ్మదిగా, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా. చూసేవాళ్లకు ఇదెలా చేశారో అర్థం కాదు. కానీ ఆ వేగంతో ఒక చరణం నోటికి రావాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఈ ఆలోచన షూటింగ్ రోజు వస్తే వదిలేయండి.

డబ్బు లేదని దిగులుపడేవాళ్లు ఓకే గో అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 2006లో చేసిన 'హియర్ ఇట్ గోస్ అగైన్' వీడియో చూడండి. ఎనిమిది ట్రెడ్‌మిల్లులు, నలుగురు మనుషులు, కదలని కెమెరా ఒకటి. మధ్యలో కట్ లేదు. గాయకుడు డేమియన్ కులాష్ అక్క ట్రిష్ సీ నృత్యం కూర్చింది, ఆమె ఇంట్లోనే సాధన చేసి తీశారు. 17 ప్రయత్నాల్లో కుదిరింది. మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. కెమెరా పనితనం అందులో సున్నా. ఆలోచన, సాధన, అంతే.

మిగతావాళ్ల రిహార్సల్

కెమెరా పట్టేవాడికి స్టెప్పులు వేయడం రానక్కర్లేదు కానీ కౌంట్లు నోటికి రావాలి. ఏడో కౌంట్‌లో అందరూ కూర్చుంటారని అతనికి ముందే తెలిస్తే కెమెరా ఆరులోనే కిందికి బయలుదేరుతుంది. తెలియకపోతే ఎనిమిదిలో దిగుతుంది, అప్పటికి వాళ్లు లేచిపోతారు. చివరి రెండు రిహార్సళ్లలో అతను ఫోన్ పట్టుకుని డ్యాన్సర్లతో పాటు నడవాలి. గింబల్‌తో వెనక్కి నడవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. వెనక ఒకరు నడుం పట్టుకుని దారి చూపించాలి, ఆ ఒకరు ఎవరో కూడా ముందే అనుకోవాలి.

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతాయి. ఫోన్ తనంతట తాను ఎంచుకున్న షటర్‌తో లోపల తీస్తే తెర మీద నల్లటి చారలు పాకుతుంటాయి. షటర్‌ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో బిగించేస్తే పోతాయి. సన్న గీతల చొక్కాలు కెమెరాలో మిలమిలలాడతాయి, వద్దు. ఇలాంటివి చదివి గుర్తుపెట్టుకునేవి కావు, వరండా షూటింగ్‌లో కంటికి కనిపించి బుర్రకెక్కేవి.

జట్టులో ఎవరూ గౌరవించని ఉద్యోగం పాట ప్లే చేయడం. ఒకప్పుడు సినిమా సెట్ల మీద స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన నాగ్రా టేప్ రికార్డర్ దగ్గర ఒక మనిషి ప్రత్యేకంగా కూర్చునేవాడు. మీ జట్టులోనూ ఆ మనిషి ఉండాలి. ఫోన్‌లో పాట పెట్టి, స్క్రబ్ చేస్తూ, "ఇక్కడా? ఇంకొంచెం ముందుకా?" అంటూ వెతికితే ప్రతి టేకుకీ ఒక నిమిషం పోతుంది, మధ్యలో ఫోన్ కూడా మోగుతుంది. దానికి బదులు పాటను ముందే ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు 'పల్లవి 1', 'చరణం సగం' అని పేరు పెట్టి, ప్రతి ముక్కకూ ముందు ఎనిమిది టిక్ టిక్‌లు చేర్చి దాచుకోండి. టిక్‌లు వినగానే అందరూ సిద్ధమవుతారు, ఎడిటర్‌కి కూడా పాట ఎక్కడ మొదలైందో ఆ శబ్దమే చెబుతుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, బ్లూటూత్ స్పీకర్ చార్జింగ్‌తో ఉండాలి, ఇంకో స్పీకర్ బండిలో ఉండాలి.

స్పీకర్ ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. శబ్దం సెకనుకు 340 మీటర్లే వెళుతుంది. కెమెరా 34 మీటర్ల దూరంలో ఉంటే పాట దానికి సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆ శబ్దం ఆధారంగా కలిపితే పెదవులు రెండు మూడు ఫ్రేములు తేడా కొడతాయి. స్పీకర్ ఎప్పుడూ పాడేవాళ్ల కాళ్ల దగ్గరే ఉంచి, దూరం షాట్లకు కెమెరాకు కనిపించేలా చేతులతో ఒక చప్పట్టు కొట్టించండి.

ఎవరి మాట వినాలి

స్నేహితుల్లో ఒకణ్ణి డైరెక్టర్ అనగానే మిగతావాళ్లకు ఒళ్లు మండుతుంది. "నువ్వు చెప్పేదేంట్రా" అన్న మాట మొదటి గంటలోనే వినిపిస్తుంది. దీనికి మందు ముందే ఒప్పందం చేసుకోవడం. లాంగ్‌బుక్ ముందు అందరి మాటా ఒకటే, వరండా వీడియో చూసినప్పుడు కూడా అందరూ చెప్పొచ్చు. లొకేషన్‌కి వెళ్లాక ఒక్కరి మాటే. ఆ ఒక్కరు నటించకూడదు. నటిస్తూ డైరెక్ట్ చేసేవాళ్లు తమ షాట్ మాత్రమే మళ్లీ మళ్లీ చూసుకుంటారు.

రిహార్సల్ వేళలు పెట్టేటప్పుడు కాస్త చుట్టూ చూడండి. అమ్మాయిల హాస్టల్ గేటు ఎనిమిదింటికే మూస్తారని తెలిసీ రాత్రి తొమ్మిదికి రిహార్సల్ పెడితే వాళ్లను రావద్దని చెప్పినట్టే. పల్లె నుంచి బస్సులో వచ్చేవాడికి ఆఖరి బస్సు వేళ ఉంటుంది. ఎవరి ఇంట్లో ఆన్‌లైన్‌లో కనిపించడానికి ఒప్పుకోరో ముందే అడిగి తెలుసుకోండి. వీడియో పూర్తయ్యాక "మా నాన్న తిడుతున్నారు, తీసేయండి" అని ఏడిస్తే ఆ అమ్మాయిది తప్పు కాదు, అడగని వాళ్లది. పాట ప్లే చేసేవాడికి, నీళ్లు తెచ్చేవాడికి కూడా టైటిల్స్‌లో పేరుంటుందని మొదటి రోజే చెప్పండి. చెప్పి చూడండి, నీళ్లు వేళకు వస్తాయి.

లొకేషన్ గురించి రెండే మాటలు. రైలు పట్టాల మీద వద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, అంతకంటే ముందు అది ప్రాణం తీసే చోటు. గోల్కొండ, వేయిస్తంభాల గుడి, లేపాక్షి లాంటి రక్షిత కట్టడాల్లో ఫొటోలు దిగడం వేరు, షూటింగ్ వేరు. షూటింగ్‌కి పురావస్తు శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి. లేదంటే ట్రైపాడ్ తెరవగానే గార్డు వస్తాడు. మీ మేనమామ మామిడితోటకు అనుమతి ఒక్క ఫోన్ కాల్. నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు చెట్టు నీడలోకి వెళ్లి, ఒక తెల్లటి థర్మాకోల్ షీట్‌తో ముఖం మీదికి వెలుతురు కొట్టండి. కంటి కింద నల్లటి నీడలు పోతాయి.

వరండా వీడియో

మొత్తం ప్రాజెక్టుకు మూడు వారాలుంటే చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఇవ్వాల్సిన రోజుకు ఐదు రోజుల ముందు షూటింగ్ అయిపోవాలి. షూటింగ్‌కి వారం ముందు వరండా వీడియో తయారవ్వాలి. వారం ఎందుకంటే అందులో కనిపించే తప్పుల్ని దిద్దుకోవడానికి వేళ ఉండాలి. షూటింగ్‌కి ముందు రోజు తీస్తే అది ఉత్త బెంగకే పనికొస్తుంది.

తీసే పద్ధతి ఇది. పాడేవాళ్లతో మొత్తం పాటను ఆపకుండా మూడుసార్లు తీయండి. ఒకటి దూరంగా, ఒకటి నడుం దాకా, ఒకటి ముఖం. ఈ మూడూ చేతిలో ఉంటే ఎడిటర్ ఎక్కడ చిక్కుకున్నా దేనిలోకో ఒకదానిలోకి పారిపోగలడు. ఆ తర్వాత డ్యాన్స్ ముక్కలు, కథ ముక్కలు. ఫోన్‌లో ఖాళీ చూసుకోండి. 4కే లో తీస్తే ఫోన్‌ని బట్టి నిమిషానికి 170 ఎంబీ నుంచి 400 ఎంబీ దాకా మింగుతుంది. సాధన వీడియోకి అంత అక్కర్లేదు, మామూలు హెచ్‌డీ చాలు. అదే రాత్రి ఎడిటర్ పుల్లల బొమ్మల ఫైల్ తెరిచి, ఒక్కో బొమ్మ స్థానంలో తీసిన షాట్ పెట్టాలి. ఏ బొమ్మ మిగిలిపోయిందో ఆ షాట్ మీరు మర్చిపోయినట్టు.

చూసేటప్పుడు మొదటిసారి శబ్దం ఆపేసి చూడండి. పాట లేకుండా కూడా ఏదో జరుగుతున్నట్టు అనిపిస్తే బొమ్మ బాగుంది. రెండోసారి పాటతో చూస్తూ, ఎక్కడ ఫోన్ వైపు చేయి పోయిందో అక్కడ సెకను రాసుకోండి. మూడోసారి ఈ జట్టులో లేని ఒకరికి చూపించండి. "ఎలా ఉంది" అని అడగొద్దు, బాగుందంటారు. "ఇందులో ఏం జరిగింది" అని అడగండి. వాళ్లు చెప్పే కథ మీ లాంగ్‌బుక్‌లో ఉన్న కథ కాకపోతే దిద్దుకోవడానికి మీ దగ్గర ఇంకా వారం ఉంది.

మీ పాటలో పల్లవి ఒక్కటి తీసుకుని వచ్చే ఆదివారం సాయంత్రం ఉన్న ఫోన్‌తో, ఉన్న మనుషులతో తీయండి. నటించేవాళ్లు రాకపోతే తమ్ముణ్ణో చెల్లెల్నో నిలబెట్టండి. ఆ రాత్రే కోసి, అతికించి, అందరూ కలిసి చూడండి. కెమెరా అద్దెకు అడ్వాన్స్ మాత్రం అది చూశాకే కట్టండి.